రాని జ్వరం

“సాయంత్రం నాలుగింటికి ఈ పిల్లను కోర్టుల నిలబెడుతున్న. నీకు పది నిమిషాలు దివాకర్. పదకొండో నిమిషంల నువ్వు నా టేషన్ల కనబడొద్దు.”

ఇన్‌స్పెక్టర్ రమాకాంత్ ఆ మాట అని తన గదిలోకి వెళ్లిపోయాడు. డిటెక్టివ్ దివాకర్ గోడ గడియారం చూశాడు. మంగళవారం, పదీ ఇరవై.

ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో ఎస్సైలుగా చేరినవాళ్లు. ఆరేళ్ల క్రితం దివాకర్ ఉద్యోగం వదిలేసి సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టాడు. అప్పటినుంచి ఇబ్రహీంపట్నంలో ఏ కేసు దగ్గర ఎదురుపడినా వాళ్లకు పడలేదు.

బెంచీ మీద పూజిత కూర్చుని ఉంది. ఇరవై ఆరేళ్ల పిల్ల. ఇళ్లకు వెళ్లి రోగులకు సూదులు వేసే నర్సు. నిన్న సాయంత్రం పట్టుకొచ్చారు. బయట మెట్ల మీద ఆమె తండ్రి నారయ్య తల పట్టుకుని కూర్చున్నాడు. దివాకర్‌ను పిలిపించింది ఆయనే.

కేసు చూడటానికి చిన్నది. రుక్కమ్మ అనే నలభై ఆరేళ్ల దర్జీ మనిషి రొమ్ము క్యాన్సర్‌కు కీమోథెరపీ చేయించుకుంటోంది. మూడో కీమో ఒక బుధవారం ఎక్కింది. మర్నాడు గురువారం, తెల్లరక్తకణాలు పెరగడానికి ఇచ్చే సూదిని పూజిత ఇంటికి వచ్చి వేసింది. ఆ పై వారం శనివారం, అంటే కీమో ఎక్కిన పదకొండో రోజున, ఒళ్లంతా ఇన్‌ఫెక్షన్ పాకి రుక్కమ్మ చనిపోయింది. చల్లగా ఉంచవలసిన సూదిమందును నర్సు ఎండలో పాడుచేసి వేసిందనీ, అందుకే కణాలు పెరగలేదనీ భర్త హన్మంత్ ఫిర్యాదు ఇచ్చాడు.

దివాకర్ బెంచీ చివర కూర్చున్నాడు.

“ఆ గురువారం సూది ఎన్ని గంటలకు ఇచ్చినవ్ బిడ్డా?”

“నాలుగూ ఇరవైకి సార్.”

“రిజిస్టర్ల రాసింది అడుగుతలేను. ఇచ్చింది అడుగుతున్న.”

“ఐదూ పదికి. తొవ్వల బస్సు ఆగిపోయింది. ఆలస్యమైందంటే పనిలకెల్లి తీసేస్తరని భయపడి నాలుగూ ఇరవై అని రాసిన.”

“మందు దవాఖాన ఫ్రిజ్‌లకెల్లి ఎప్పుడు తీసినవ్?”

“మూడూ ముప్పయ్యైదుకు. ఐస్ డబ్బల పెట్టిన. సగం ఐస్ కరిగింది గానీ డబ్బ లోపల సల్లగనే ఉండె. ఒట్టు సార్.”

“తర్వాత ఆమెను మళ్ల జూసినవా?”

“చూసిన. ఆరు రోజులకు, బుధవారం నాడు పోయిన, ఎట్లున్నదో చూసొద్దామని. మస్తు మంచిగున్నది. నా ముందట్నే రెండు పళ్లాల అన్నం తిన్నది. మూడు కీమోలైనోళ్లు గట్ల తినుడు నేను ఎన్నడు జూడలే. మొహం గూడ నిండుగైంది. నేనే సంబురపడి, అక్కా మంచిగ కోలుకుంటున్నవ్ అని చెప్పిన.”

దివాకర్ ఆ మాట దగ్గర ఆగాడు. “కీమోకు ముందటికంటె మొహం నిండుగైందా?”

“అవ్ సార్.”

“జ్వరం?”

“లేదు. వాళ్ల బిడ్డ నాలుగు పూటల చూసి రాస్తది. నూట ఒకటి దాకా పోనియ్యకు, నూరున్నర కాంగనే దవాఖానకు ఉరకాలె అని డాక్టరమ్మ చెప్పింది. ఎన్నడు రాలే.”

లోపలినుంచి రమాకాంత్ గొంతు వినిపించింది. “ఐపోయింది నీ టైం.”

*

పదకొండూ పదికి దివాకర్ రుక్కమ్మ ఇంటికి చేరాడు. దారిలో మందుల షాపులో ఒక కొత్త థర్మామీటర్ కొన్నాడు.

రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషన్. హన్మంత్ ఇంజనీరింగ్ కాలేజీ బస్సు డ్రైవరు. గడ్డం పెరిగిపోయి, గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. కూతురు శ్రీనిధి డిగ్రీ రెండో సంవత్సరం. తలుపు తీసింది ఆమే.

“నర్సు దిక్కు మాట్లాడనీకి వచ్చినవా?” అన్నాడు హన్మంత్ తల ఎత్తకుండానే.

“నీ పెండ్లాం ఎందుకు సచ్చిపోయిందో తెలుసుకోనీకి వచ్చిన. నీకు తెలుసుకోవాల్నని లేదా?”

శ్రీనిధి పక్కకు జరిగి దారి ఇచ్చింది.

దివాకర్ మొదట నోటుపుస్తకం అడిగాడు. రోజుకు నాలుగుసార్లు ఉష్ణోగ్రతలు. ఉదయం 6:05, మధ్యాహ్నం 12:10, సాయంత్రం 5:50, రాత్రి 9:40. ఒక పూట 98.2, ఒక పూట 97.9. ఒకచోట నీలి సిరా, ఒకచోట పెన్సిల్. ఒక మధ్యాహ్నం ఖాళీగా వదిలి “కాలేజీల పరీక్ష” అని పక్కన రాసి ఉంది. కూర్చుని ఒక్కసారే కల్పించి రాసేవాళ్లు ఇలా రాయరు. లెక్కలు నిజమైనవే.

చివరి శనివారం ఉదయం 6:10కి 98.0. దానికి మూడున్నర గంటల తర్వాత ఆమె ప్రాణం పోయింది.

ఇంట్లోని పాత థర్మామీటర్ కడిగి నాలుక కింద పెట్టుకున్నాడు. తర్వాత కొత్తది. 98.2, 98.4. పాతదాంట్లో లోపం లేదు.

“ఆ పొద్దు ఏం జరిగింది?” అని శ్రీనిధిని అడిగాడు.

“ఆరింటికి లేచింది. చాయ్ తాగింది. ఏడున్నరకు కాళ్లు సల్లవడ్డయ్ అన్నది. ఎనిమిదింటికి మాట తడబడ్డది. ఎనిమిదీ యాభైకి ఈడున్న దవాఖానకు తీస్కపోయినం. బీపీ దొరుకుతలేదన్నరు. తొమ్మిదీ నలభైకి…” ఆ పిల్ల నోటుపుస్తకం వైపు చూసింది. “జ్వరమొస్తె రమ్మన్నరు సార్. రాలే. నేను సరిగ్గనే చూసిన. నిజంగ సరిగ్గనే చూసిన.”

“నువ్వు సరిగ్గనే చూసినవ్ బిడ్డా. నీ పుస్తకంల తప్పు లేదు.”

ఆ ఒక్క మాట కోసమే మూడు రోజులుగా ఎదురు చూసినట్టు ఆమె గోడ వైపు తిరిగి ఏడ్చింది.

దివాకర్ కుట్టుమిషన్ దగ్గరికి వెళ్లాడు. సూదికి దారం ఎక్కించే ఉంది. పక్కన పీట మీద మడిచిన జాకెట్లు, అన్నీ ఒకే కొలత.

“ఇవి ఎవరియి?”

“అమ్మయే.”

పక్క కుట్లు పట్టి చూశాడు. ప్రతి జాకెట్‌కూ ఒక వరుస కుట్టు విప్పి, బయటికి వదులు చేసి, మళ్లీ కుట్టారు. రెండు జాకెట్లకు ఆ వదులు చేసిన కుట్టు కూడా విప్పేసి ఉంది. కీమోలో ఉన్న మనిషి చిక్కిపోతుంది. రుక్కమ్మ ఆరువారాల్లో రెండుసార్లు తన జాకెట్లు తానే వదులు చేసుకుంది.

“వేలుకు సూది గుచ్చుకున్నదా ఈ మధ్యల?”

శ్రీనిధి కళ్లు తుడుచుకుంది. “పోయే రెండు దినాల ముందు, గురువారం. ఎడమ బొటనవేలుకు, గోరు పక్కపొంటి దిగింది. ఉబ్బింది గానీ నొప్పి లేదన్నది. ఎర్రగ గూడ కాలే. చీము రాలే. గందుకే ఎవ్వలం పట్టించుకోలే.”

వంటగదిలో నీళ్లు కాచి చల్లార్చిన బిందె మీద శుభ్రమైన గుడ్డ కట్టి ఉంది. చేతులకు విడిగా సబ్బు, రుక్కమ్మకు విడిగా పళ్లెం, గ్లాసు. పచ్చివి తినకూడదని పండ్లు కూడా ఇంట్లో లేవు. డాక్టర్ చెప్పిన ఒక్క నియమం కూడా తప్పలేదు ఆ ఇంట్లో. అంత జాగ్రత్త పడిన మనుషులు ఎక్కడ మోసపోయారు?

పై అరలో, మందుల డబ్బాకు వెనుకగా, మూత బిగించిన చిన్న స్టీలు డబ్బా కనబడింది. తీసి చూశాడు. అడుగున లేత గోధుమరంగు పొడి. లోపల ఒక చెంచా.

“హన్మంత్, ఇదేంది?”

హన్మంత్ మొదటిసారి తలెత్తాడు. “గదా? తాకతు పొడి. ఆకులతోటి చేస్తరు. కీమో పడ్డోళ్లకు ఒంట్ల శక్తి వస్తది. రోజుకు రెండు చెంచాలు మజ్జిగల కలిపి నేనే తాపించేటోన్ని.”

“ఎప్పటిసంది?”

“మొదటి కీమో అయినంక వారానికి. గది తాగినంకనే తినుడు మొదలువెట్టింది. అంతకుముందు మంచినీళ్లు గూడ కక్కేది.”

“నిద్ర పట్టేదా?”

“పట్టకపోయేది. నిద్ర రాకుంటె కుట్టుకుంట కూసునేది. ఒంట్ల బలమొచ్చింది గదా అనుకున్నం.”

“డాక్టర్‌కు చెప్పినవా?”

హన్మంత్ చూపు తప్పించాడు. “చెప్తె ఆపుమంటరు, చెప్పకు అన్నడు ఇచ్చినాయన.”

ఎవరు ఇచ్చారని దివాకర్ అడగబోతుండగా బయట జీపు ఆగిన చప్పుడైంది.

*

రమాకాంత్ చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చాడు.

“నేను సీల్ చెయ్యాల్సిన ఇంట్ల నీకేం పని?”

“సీల్ చెయ్యాల్సినోనివి మూడు దినాలైనా రాకపోతివి. జాకెట్లు జూసినవా? థర్మామీటర్ పరీక్ష చేసినవా?”

“నర్సు రిజిస్టర్ల దొంగ టైం రాసింది. యాభై నిమిషాలు దాచింది. నాకు గంతే చాలు. జాకెట్లు, చీరెలు నువ్వు జూసుకో.”

“అబద్ధం రాసింది. నేనూ ఒప్పుకుంట. కానీ అబద్ధం రాసినోళ్లందరు ప్రాణం తీసినోళ్లు కాదు. శనివారం దవాఖానల తీసిన రక్తం రిపోర్టు నీ ఫైల్ల ఉంటది. చదివినవా?”

రమాకాంత్ ఫైలు చంకలో బిగించుకున్నాడు. “సచ్చినంక వచ్చిన రిపోర్టు.”

“సచ్చినంక వచ్చినా చదవాలె. తియ్యి.”

శ్రీనిధి అక్కడే నిలబడి ఉంది. ఆ పిల్ల ముందు కాదనలేక రమాకాంత్ ఫైలు తెరిచాడు. దివాకర్ రుక్కమ్మకు వైద్యం చేసిన డాక్టర్ కరుణకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

“డాక్టర్, నర్సు సూదిమందు ఐస్ డబ్బల గంటన్నర ఉన్నది. తెల్లకణాలు మూడువేల వంద. షుగర్ నాలుగువందల పన్నెండు.”

“షుగర్ ఎంత?”

“నాలుగు పన్నెండు.”

“ఆమెకు షుగర్ లేదు. మూడు నెలల కింద నేనే చూసిన.” డాక్టర్ గొంతు మారింది. “కణాలు మూడువేల వంద ఉన్నయంటె నర్సు ఇచ్చిన సూది పనిచేసినట్టే. అది పాడైతే వందల్లోకి పడిపోయేది. ఐస్ డబ్బల గంటన్నర ఉంటె ఆ మందుకు ఏం కాదు.”

రమాకాంత్ ముందుకు వంగాడు. “కణాలు సరిపోయినన్ని ఉంటె ఆమె ఎందుకు సచ్చిపోయింది మేడం?”

“అదే అర్థమైతలేదు. చూడండి, కీమో మందు వేగంగా పెరిగే కణాలను చంపుతది. క్యాన్సర్ కణాలు గట్లనే పెరుగుతయి, ఎముక మూలుగుల తయారయ్యే తెల్లకణాలు గూడ గట్లనే. అందుకే వారం నుంచి రెండు వారాల నడుమ ఒంట్ల కాపలా పలచనైతది. అప్పుడు చిన్న పుండు గూడ ప్రాణం మీదికి వస్తది. మాకు తెలిసే గుర్తు ఒక్కటే, జ్వరం. వచ్చిన గంటలోపల మందులు మొదలుపెడితే దాదాపు అందరు బతుకుతరు. ఈమెకు జ్వరమే రాలే. షుగర్ నాలుగొందలు…” ఆమె ఆగింది. “దివాకర్‌గారూ, మొహం ఉబ్బిందా?”

“ఉబ్బింది. జాకెట్లు రెండుసార్లు వదులు చేసుకున్నది. రెండు పళ్లాలు తిన్నది. నిద్రపోలే. సూది గుచ్చుకున్న వేలు ఎర్రగ కాలే, నొప్పి లేదు. ఆకుల పొడి అని రోజుకు రెండు చెంచాలు తాగింది.”

“స్టెరాయిడ్,” అంది కరుణ. “ల్యాబ్‌ల చూసేదాక గట్టిగ చెప్పను. కానీ వేరే ఏదీ ఇన్ని పనులు ఒక్కసారి చెయ్యదు. వాంతులు రావద్దని మేం గూడ ఇస్తం, మూడు దినాలు. పదకొండో రోజుకు అది ఒంట్ల ఉండదు. ఆ పొడిల కలిపిన్రు. ఆకలైతది, హుషారుగ ఉంటది, బాగైతున్నమనే అనుకుంటరు. కానీ తెల్లకణాలు ఉండి గూడ కొట్లాడవు. వాపు, ఎరుపు, నొప్పి, జ్వరం, అన్నీ ఆగిపోతయి. లోపల ఇన్‌ఫెక్షన్ పాకుతనే ఉంటది.”

దివాకర్ ఆ స్టీలు డబ్బా మూత బిగించి రమాకాంత్ చేతికి ఇచ్చాడు.

“ఇంకో సంగతి చెప్పాల్నా వద్దా తెలుస్తలేదు,” అంది డాక్టర్ మెల్లగా. “రెండో కీమో అయినంక స్కాన్ తీసినం. గడ్డ సగానికి తగ్గింది. కొన్ని కీమో మందులు క్యాన్సర్ కణాన్ని చంపుడే కాదు, సచ్చిన కణాలను ఒంట్లోని కాపలా కణాలకు పట్టిస్తయి. మిగిలినవాటిని అవే వెతికి చంపాలె. మా మందు సగం పని, ఆమె ఒళ్లు సగం పని. ఆ పొడి ఆ సగాన్ని పండబెట్టింది. లేకుంటె ఆమె బతికేది. నేను బతుకుతదనే అనుకున్న.”

ఫోన్ ఆగింది.

రమాకాంత్ హన్మంత్ వైపు తిరిగాడు. తప్పు దారి పట్టానన్న కోపం ఎక్కడో ఒకచోట దించుకోవాలి. “అంటె తాపింది నువ్వు. ఫిర్యాదు పెట్టింది నువ్వే. లే, జీపెక్కు.”

దివాకర్ అడ్డంగా నిలబడ్డాడు. “ఆయనకు తెల్వదు రమాకాంత్.”

“తెల్వకున్నా తాపింది ఆయనే గదా!”

“అవ్,” అన్నాడు హన్మంత్. అతను లేచి నిలబడలేదు. తన రెండు చేతులనూ ఒళ్లో పెట్టుకుని చూసుకుంటున్నాడు. “చేదుగున్నది, వద్దనేది. బెల్లం కలిపి తాపించిన. తల పట్టుకొని తాపించిన. శనివారం పొద్దుగాల గూడ, కాళ్లు సల్లవడ్డయంటె, ఇంకో చెంచా ఎక్కువేసి తాపించిన.”

“బాపూ,” అంటూ శ్రీనిధి ఒక అడుగు ముందుకేసి ఆగిపోయింది. దగ్గరికి వెళ్లలేకపోయింది. వెనక్కీ పోలేకపోయింది.

రమాకాంత్ కూడా అతన్ని ముట్టుకోలేదు.

దివాకర్ హన్మంత్ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. “ఎవరిచ్చిన్రు అన్నా? ఇంకా ఎంతమంది తాగుతున్నరో.”

“మల్లేశయ్య పటేల్,” అన్నాడు హన్మంత్. “ఉట్టిగనే ఇచ్చిండు. మంచోడు. శనివారం ఆమెను మట్టిల పెట్టేటప్పుడు గూడ వచ్చిండు.”

*

మల్లేశయ్య ఇల్లు ఎనిమిది కిలోమీటర్ల అవతల, నాదర్‌గుల్ వైపు పోయే దారిలో. జీపులో రమాకాంత్ ఫోన్ తీసి స్టేషన్‌కు చేశాడు. “ఆ పిల్లను ఇంటికి పంపు. వాళ్ల నాయన బయటనే ఉన్నడు,” అని పెట్టేశాడు. దివాకర్ వైపు చూడలేదు.

పన్నెండూ నలభై. వరండాలో కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. తెల్లటి ధోతి, భుజం మీద తువ్వాల. పోలీసు జీపు చూసి లేవబోయి మళ్లీ కూర్చుండిపోయాడు.

“పొడి ఎక్కడిది పటేలా?” అన్నాడు దివాకర్.

మల్లేశయ్య దాచే ప్రయత్నం చేయలేదు. “తుక్కుగూడల ఒకాయన చేసి అమ్ముతడు. మా మాణిక్యమ్మకు క్యాన్సర్. మొదటి కీమో పడ్డంక పదిహేను దినాలు మంచంలకెల్లి లేవలే. ఆ పొడి తాపిన మూడో దినానికి లేచి వంట జేసింది. నాకు దేవుడు కనవడ్డట్టయింది. కీమోకు పోయినప్పుడల్ల లైన్ల కూసున్నోళ్లను చూస్తె పానం తరుక్కపోయేది. నా పైసలతోటి డబ్బలు కొని పంచిన. పది మందికి. ఒక్క రూపాయి తీసుకోలే.”

“డాక్టర్‌కు చెప్పొద్దని గూడ నువ్వే చెప్పినవ్.”

“అవ్.”

“రుక్కమ్మ సచ్చిపోయినంక అనుమానం రాలే?”

మల్లేశయ్య తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. “వచ్చింది. మట్టికాడ ఆ పిల్ల అంటుండె, జ్వరమే రాలే, జ్వరమే రాలే అని. ఇంటికొచ్చి ఆలోచన చేసిన. మా ఇంట్ల గూడ జ్వరం ఎన్నడు రాలే. మోకాళ్ల నొప్పులు గూడ పోయినయ్. గట్ల ఆకులతోటి అయితదా అనిపించింది.”

“మరి నిన్నటిసంది ఒక పిల్ల టేషన్ల కూసున్నది,” అన్నాడు రమాకాంత్. “తెలుసా?”

“నిన్న రాత్రి తెలిసింది.” గొంతు చాలా చిన్నదైపోయింది. “పొద్దున్నే వద్దామనుకున్న. చెప్పులేసుకున్న. కాళ్లు రాలే సారూ. అరవై ఎనిమిదేండ్లు. ఇన్నేండ్లల్ల నా వల్ల ఒక్కరికి చెడు కాలే అనుకుంట బతికిన.”

“మిగిలిన డబ్బ ఏడున్నది?”

ఆ ప్రశ్నకు మల్లేశయ్య మొహంలో కొంచెం వెలుగు వచ్చింది. తాను చేసిన ఒక్క మంచిపని చెప్పుకునే అవకాశం దొరికినట్టు.

“పారేసిన. ఆదివారం పొద్దుగాలనే మొత్తం మురికి మోరీల కలిపిన. మాణిక్యమ్మకు బంద్ జేసిన. అందరికీ ఫోన్ చేసి, పారేయిన్రి, ఒక్క చెంచా గూడ ముట్టకున్రి అని చెప్పిన. ఆదివారం సంది ఒక్కరు తాగుతలేరు.”

రమాకాంత్ ఊపిరి వదిలాడు. “గంత మంచిపని చేసినవ్. సాక్ష్యానికి రుక్కమ్మ ఇంటి డబ్బ మన దగ్గర ఉన్నది.”

దివాకర్ కూడా ఒక్క క్షణం అలాగే అనుకున్నాడు. అయినా మిగిలినవాళ్లకు ఏ పరీక్షలు చేయించాలో కనుక్కుందామని కరుణకు ఫోన్ చేశాడు. సంగతి చెప్పాడు. ఆమె మాటకు అడ్డం వచ్చింది.

“ఆపిన్రా? ఒక్కసారిగ ఆపిన్రా? ఎవరు చెప్పిన్రు ఆపుమని?”

“ఎందుకు డాక్టర్?”

“వారాల తరబడి స్టెరాయిడ్ బయటినుంచి వస్తుంటె ఒళ్లు సొంతంగ తయారుచేసుకునుడు బంద్ చేస్తది దివాకర్‌గారూ! అది లేకుంటె బీపీ నిలబడదు. కొంచెం కొంచెం తగ్గించుకుంట రావాలె. కీమోల ఉన్నోళ్లు, లోపల ఏ ఇన్‌ఫెక్షన్ ఉన్నదో తెల్వదు, రెండు దినాలైంది… అందర్ని దవాఖానకు తీసుకురండి. ఇప్పుడే. స్టెరాయిడ్ వాడి ఆపిన్రని, కీమోల ఉన్నరని రాగానే చెప్పాలె. స్టెరాయిడ్ సూదే వెంటనే పడాలె. జ్వరం కోసం చూడకండి.”

దివాకర్ ఫోన్ దించాడు. “మాణిక్యమ్మ ఏడున్నది?”

“లోపలున్నది. మంచిగనే ఉన్నది. కీమో పోయిన సోమవారం పడ్డది, ఇయ్యాల్టికి తొమ్మిది దినాలు.”

మాణిక్యమ్మ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. గుండ్రటి మొహం, తలకు చుట్టిన గుడ్డ. వచ్చినవాళ్లను చూసి కొంగు సర్దుకుంది.

“కూసోన్రి బిడ్డా. చాయ్ తాగుతరా?” అంది. నుదుటి మీద చెమట కారుతోంది.

దివాకర్ ఆమె చేయి అందుకున్నాడు. మంచులా ఉంది. మణికట్టు దగ్గర నాడి సన్నగా, లెక్కపెట్టలేనంత వేగంగా కొట్టుకుంటోంది.

“ఎట్లున్నదమ్మా?”

“నాకేమైంది? జర నీరసం గంతే. పొద్దటిసంది కండ్లు మసకైతున్నయ్.” ఆమె భర్త వైపు చూసి నవ్వింది. “ఈయన ఆ పొడి బంద్ జేసిండు గదా. గందుకే. ఒక్క చెంచా ఇయ్యుమంటె ఇస్తలేడు.”

ఆ మాట పూర్తి చేస్తూనే ఆమె తల పక్కకు వాలిపోయింది.

రమాకాంత్ మంచం మీదినుంచి ఆమెను రెండు చేతులమీదా ఎత్తుకుని జీపు వైపు పరుగెత్తాడు. మల్లేశయ్య చెప్పులు లేకుండా వెనకాల పరుగెత్తాడు.

“నేను మంచికే చేసిన,” అంటున్నాడు. “రెండుసార్లూ మంచికే చేసిన సారూ.”

ఒంటిగంటా ఐదు. జీపు పెద్ద రోడ్డు ఎక్కింది. మాణిక్యమ్మ తల భర్త ఒళ్లో ఉంది. ముందు సీట్లో దివాకర్ మల్లేశయ్య ఫోన్ తీసుకుని పేర్లు వెతికాడు. పెద్దాయన అన్నీ ఒకే తీరుగా రాసి పెట్టుకున్నాడు. కీమో రుక్కమ్మ. కీమో దయాకర్. కీమో నర్సమ్మ. రుక్కమ్మను తీసేస్తే తొమ్మిది మంది.

దయాకర్ ఎత్తాడు. కళ్లు తిరుగుతున్నాయని పొద్దున్నే దవాఖానలో చేరాడట. పొడి సంగతి అక్కడ చెప్పలేదు. “ఇప్పుడే చెప్పు. ఫోన్ డాక్టర్‌కు ఇయ్యి,” అని దివాకర్ అరిచాడు. నర్సమ్మ కొడుకు ఎత్తాడు, ఆటో మాట్లాడతానన్నాడు. నిశాంత్ అనే కుర్రాడు ఎత్తాడు, మీర్‌పేట్‌లో అక్క ఇంట్లో ఉన్నాడు, బాగానే ఉన్నానని వాదించాడు. వాదించవద్దని, అక్కకు ఫోన్ ఇవ్వమని దివాకర్ బతిమాలాడు. ఇంకో ముగ్గురు ఎత్తారు. ఇద్దరు ఎత్తలేదు. వాళ్ల నంబర్లు రమాకాంత్ ఒంటిచేత్తో స్టీరింగ్ పట్టుకునే స్టేషన్‌కు చెప్పాడు.

చివరి పేరు కీమో బుచ్చి. దివాకర్ స్పీకర్ పెట్టి కలిపాడు.

ఐదుసార్లు మోగాక ఒక ముసలి గొంతు పలికింది. “ఎవలు?”

“బుచ్చి ఏడున్నది పెద్దాయనా? మీరెవరు?”

“నేను ఆమె పెనిమిటిని, రాంచంద్రను. పండుకున్నది. పొద్దటిసంది మంచిగ పండుకున్నది సారూ. నెల దినాలైంది, నిద్రే పట్టకపోయేది. పొడి బంద్ జేసినంక ఇయ్యాల కండ్లు మూసింది. జ్వరం గిట్ల ఏం లేదు. చెయ్యి పెట్టి చూసిన, సల్లగున్నది.”

“లేపున్రి.”

“ఎందుకు సారూ? పాపం, ఇన్ని దినాలకు…”

“లేపున్రి. ఇప్పుడే. ఫోన్ పెట్టెయ్యకున్రి.”

అవతల ఫోన్ దేని మీదనో పెట్టిన చప్పుడైంది. అడుగుల చప్పుడు. తలుపు కిర్రుమంది.

“బుచ్చీ,” అన్నాడు రాంచంద్ర నెమ్మదిగా, నిద్ర చెడగొడుతున్నందుకు బాధపడుతున్నట్టు. “బుచ్చీ, జర లే. ఎవలో ఫోన్ జేసిన్రు.”

రమాకాంత్ జీపు వేగం తగ్గించకుండానే ఫోన్ వైపు చూశాడు. వెనుక సీట్లో మల్లేశయ్య మాణిక్యమ్మ చేయి గట్టిగా పట్టుకున్నాడు.

“బుచ్చీ.”

మంచం పట్టీ కదిలిన చప్పుడు. గాజుల చప్పుడు, ఎవరో చేయి ఎత్తి వదిలేసినట్టు.

“బుచ్చీ! ఓ బుచ్చీ!”